మొలకెత్తే శనగల ఊపిరిని కొలవడం ఎలా?

ప్రాక్టికల్స్ నెల వచ్చిందంటే ప్రతి ఏడూ ఇదే తంతు. "మేడమ్, ఉడికించిన శనగలు మొలకల కంటే ఎక్కువ శ్వాసిస్తున్నాయి" అంటూ ఎవరో ఒకరు రికార్డు పట్టుకొస్తారు. విశాఖపట్నంలో ఒక కళాశాల ప్రయోగశాలలో ఈ ప్రయోగం ఎన్నిసార్లు చేయించానో లెక్క లేదు. చెడేది మాత్రం ఎప్పుడూ ఒకే చోట. అక్కడ ఆగి చెబుతాను. ముందున్నవి త్వరగా కానిచ్చేద్దాం.

కావలసినవి: 50 మి.లీ. గాజు సీసాలు ఆరు, ఒక్కో రంధ్రమున్న రబ్బరు బిరడాలు, 0.01 మి.లీ.కొక గీత ఉన్న 1 మి.లీ. పిపెట్లు (సన్నని గాజు గొట్టాలు), దూది, గాజు పూసలు, వాజలీను, 15 శాతం కాస్టిక్ పొటాష్ (పొటాషియం హైడ్రాక్సైడ్) ద్రావణం, థర్మామీటరు, వెడల్పాటి టబ్బు. సీసాలు తేలకుండా మెడకు కట్టడానికి ఇనుప నట్లు.

గింజలు నాటు శనగలే కావాలి. పూర్ణా మార్కెట్ దగ్గర ఏ కిరాణా కొట్లో అడిగినా ఇస్తారు. కాబూలీ శనగలు వద్దు. శనగపప్పు తెచ్చినవాళ్లనూ చూశాను. బద్దలైన గింజ మొలకెత్తదని పదిహేడేళ్లు వచ్చినా తెలియకపోతే నేను చేయగలిగింది లేదు. పెసలు సులువని చాలామంది అంటారు. నిజమే, కానీ వాటి మొలక త్వరగా వచ్చేస్తుంది. అసలు చూడవలసిన ఘట్టం అర్ధరాత్రి మనం నిద్రలో ఉండగా దాటిపోతుంది.

ఒకే గింజలను రోజుకోసారి కొలవడం చాలామందికి అలవాటు. మానుకోండి. సోమవారం నీళ్లు 26 డిగ్రీలుండి బుధవారం 30 ఉంటే, పెరిగింది మొలక వల్లా వేడి వల్లా ఎలా తేల్చుకుంటారు? నేను వెనక్కి లెక్కపెట్టి నానబెడతాను. కొలిచే సమయానికి ఒక జట్టుకు 48 గంటలు, మిగతావాటికి 24, 12, 4 గంటలు నిండాలి. అయిదోది పొడి గింజలు. ఇలా అన్నీ ఒకే పూట, ఒకే టబ్బులో కొలవవచ్చు. ఎనిమిది గంటలకు మించి నీళ్లలో ఉంచకండి, మునిగిన గింజకు గాలి అందదు. ఆ తరువాత తడిగుడ్డలో మూటకట్టండి. ఇక్కడి ఉక్కపోతకు గింజలు జిగురెక్కుతాయి కాబట్టి నాలుగు గంటలకోసారి కడగాలి.

ఒక్కో సీసాకు ఇరవై గింజలు. తూకం కాదు, లెక్క. నానిన గింజ బరువులో సగం దాకా నీళ్లే ఉంటాయి. సీసా అడుగున ద్రావణంతో తడిపిన దూది, దానిపై పొడి దూది, ఆపైన గింజలు. కాస్టిక్ పొటాష్ చర్మాన్ని కాలుస్తుంది, గింజకు తగిలితే అది చస్తుంది. చేతి తొడుగులు వేసుకోండి. గింజలు వదిలే కార్బన్ డయాక్సైడును ఈ దూది పీల్చేస్తుంది. పీల్చుకున్న ఆక్సిజన్ మేరకు సీసాలో గాలి తగ్గి, పిపెట్ గుండా నీరు లోపలికి వస్తుంది. మనం చదివేది దాన్నే. సున్నపు తేట తెల్లబడిందని చూపించే ప్రయోగం శ్వాస ఉందని చెబుతుంది తప్ప ఎంతో చెప్పదు.

ఇప్పుడు అసలు సంగతి. సీసాలో 30 మి.లీ. గాలి ఉందనుకోండి. ఒక్క డిగ్రీ వేడి పెరిగితే అది సుమారు మూడువందల వంతు వ్యాకోచిస్తుంది, అంటే 0.1 మి.లీ. పిపెట్ మీద పది గీతలు! ఫ్యాను వేసినా, కిటికీ ఎండ టబ్బు అంచుకు జరిగినా, సీసాను అరచేత్తో పట్టుకున్నా మీరు కొలిచేది శనగల ఊపిరిని కాదు, గది వేడిని. పోయినేడు ఒకబ్బాయి సీసాను గుప్పిట్లో బిగించి గీతలు చదివాడు. నీరు బయటికి నడిచింది. "గింజలు గాలి వదులుతున్నాయి మేడమ్" అన్నాడు, ఎంతో సంబరంగా.

అందుకని టబ్బును ముందురోజు రాత్రే నింపి గదిలో ఉంచండి. ఉదయమే మొదలుపెట్టండి. పొద్దెక్కాక సముద్రం గాలి గదిలోకి తిరుగుతుంది, టబ్బు నీళ్లు నిలకడగా ఉండవు. బిరడాల రంధ్రాల్లో పిపెట్లు దూర్చి, సీసాలకు బిగించి, వాజలీను పూసి, సీసాలన్నీ మునిగేలా, పిపెట్ మొనలు మాత్రం నీటిపైకి ఉండేలా పడుకోబెట్టండి. పది నిమిషాలు ఆగండి. నేను పదిహేను ఆగుతాను. ఈ ఆగడమే ఎవరికీ చేతకాదు. తరువాత మొనలను ముంచి, సీసాలను ముట్టకుండా అయిదు నిమిషాలకోసారి గీతలు చదవండి. ఇరవై నిమిషాలు చాలు.

ఆరో సీసా పోలిక కోసం, అందులో గాజు పూసలే వేయాలి. ఉడికించిన గింజలను నేను నమ్మను. మన ఊరి తేమకు మర్నాటికల్లా వాటి నిండా బ్యాక్టీరియా చేరుతుంది, అదీ ఆక్సిజన్ పీలుస్తుంది. రికార్డులో చచ్చిన శనగలు శ్వాసించడానికి సగం కారణం అదే. అన్ని సీసాల్లో గాలి సమానంగా ఉండాలి కాబట్టి, గింజలను కొలజాడీలో వేసి నీరు ఎంత పైకొచ్చిందో చూసి, 48 గంటల జట్టుకు సరిపోయేదాకా మిగతావాటికి పూసలు కలపండి. పూసల సీసాలో నీరు రెండు గీతలు లోపలికి వస్తే, ప్రతి అంకె నుంచి రెండు తీసేయాలి. బయటికి పోతే కలపాలి.

పొడి గింజల సీసాలో నీరు దాదాపు కదలదు. నాలుగు గంటల జట్టులో చురుగ్గా కదులుతుంది. పన్నెండు గంటల దగ్గర వేగం పెరగడం ఆగిపోతుంది. ఇక్కడే పిల్లలు కంగారుపడి అంకెలు దిద్దుతారు. దిద్దకండి, అది నిజం. నానిన పొట్టు ఆక్సిజన్‌ను తేలిగ్గా లోపలికి పోనివ్వదు, గింజ కొంతవరకు అవాయు శ్వాసక్రియతో, అంటే ఆక్సిజన్ లేకుండా సాగే శ్వాసతో, నెట్టుకొస్తుంది. అనుమానముంటే కాస్టిక్ పొటాష్ లేకుండా మరో సీసా పెట్టండి. పీల్చిన ఆక్సిజన్ కంటే వదిలిన కార్బన్ డయాక్సైడు ఎక్కువై నీరు బయటికి జరుగుతుంది. పొట్టు ఒలిచిన గింజల్లో ఆ విరామం బాగా తగ్గుతుంది. పొట్టు చిట్లి వేరుమొలక బయటపడ్డాక, 24, 48 గంటల సీసాల్లో వేగం మళ్లీ అందుకుంటుంది. ఇంకా కొన్ని రోజులు ఆగితే పప్పుబద్దల్లో నిల్వ అయిపోతూ వాటి శ్వాస తగ్గుతుంది, పెరిగే వేరు, మొలకలది పెరుగుతుంది.

మిగిలిన శనగలతో గుగ్గిళ్లు చేసుకోవచ్చు. సీసాలోకి వెళ్లినవి మాత్రం చెత్తబుట్టకే.