ఆల్-వీల్-డ్రైవ్ కారుకి వెనక వెడల్పు టైర్లు: వచ్చే సమస్యలు, వాటి పరిష్కారాలు

ముందు కాస్త సన్న టైర్లు, వెనక వెడల్పువి వేస్తే కారు నిలబడే తీరే మారిపోతుంది. వెనక చక్రాలు మాత్రమే లాగే కారులో సైజు కాస్త అటూ ఇటూ అయినా చాలావరకు నడిచిపోతుంది. నాలుగు చక్రాలూ లాగే కారులో ముందు, వెనక యాక్సిల్స్ లోపల ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి కాబట్టి టైరు వెడల్పు కంటే దాని ఎత్తు ముఖ్యం. నిస్సాన్ జీటీ-ఆర్‌కి కంపెనీయే ముందు 255/40 ఆర్20, వెనక 285/35 ఆర్20 వేసి ఇచ్చింది (మొదటి అంకె మి.మీ.లో వెడల్పు, రెండోది టైరు పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో, చివరిది అంగుళాల్లో రిమ్ సైజు). వెడల్పులో 30 మి.మీ. తేడా ఉన్నా, లెక్క కడితే ఎత్తులో తేడా 5 మి.మీ. కూడా లేదు. కింద చెప్పే వాటిల్లో అన్నిటికంటే పెద్ద గొడవ ఈ లెక్క చూసుకోకపోవడం వల్ల వచ్చేదే.

మలుపుల్లో కారు పట్టేసినట్టు ఉండటం, కింద నుంచి కాలిన వాసన

అన్నిటికంటే ఖరీదైన జబ్బు ఇదే. పార్కింగ్‌లో స్టీరింగ్ తిప్పి నెమ్మదిగా కదిలితే కారు ఎగిరెగిరి పడుతుంది, ఎవరో వెనక్కి లాగుతున్నట్టు బరువెక్కుతుంది. హైవే మీద కొంతసేపు నడిపి ఆపితే గేర్‌బాక్స్ వైపు నుంచి వేడి ఆయిల్ వాసన కొడుతుంది.

సాధారణంగా జరిగేది ఏంటంటే, ముందు 225/45 ఆర్18 ఉందని వెనక 255/45 ఆర్18 కొనేస్తారు. రెండో అంకె ఒకటే కదా, ఎత్తు కూడా ఒకటే అనుకుంటారు. ఆ 45 మి.మీ. కాదు, వెడల్పులో 45 శాతం. వెడల్పు పెరిగితే ఎత్తు కూడా పెరుగుతుంది. లెక్క ప్రకారం ముందు టైరు ఎత్తు 660 మి.మీ., వెనకది 687. కిలోమీటరు దూరంలో ముందు చక్రం వెనకదానికంటే సుమారు 19 చుట్లు ఎక్కువ తిరగాలి. సెంటర్ డిఫరెన్షియల్ (ముందు, వెనక యాక్సిల్స్ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) ఉన్న కారులో ఆ తేడానంతా లోపలి గేర్లు ఆగకుండా మోస్తూనే ఉంటాయి. క్లచ్ ప్లేట్లతో నడిచే సిస్టమ్‌లో అయితే ప్లేట్లు తిన్నని రోడ్డు మీద కూడా రాసుకుంటూ వేడెక్కుతాయి.

సులువైన లెక్క ఒకటుంది. రిమ్ సైజు ఒకటే అయితే వెడల్పుని రెండో అంకెతో గుణించండి. 225×45 చేస్తే 10,125. 255×40 అయితే 10,200, దాదాపు సమానం. 255×45 అయితే 11,475, అది వద్దే వద్దు. పైన చెప్పిన ముందు టైరుకి జోడీగా సరైన వెనక టైరు 255/40 ఆర్18.

టైరు మీద రాసిన సైజునే నమ్ముకోవద్దు. ఒకే సైజు అని ముద్రించినా బ్రాండ్‌ని బట్టి అసలు కొలత మారుతుంది. అందుకే నాలుగూ ఒకే బ్రాండ్, ఒకే మోడల్ కావాలి. ఆ తర్వాత సుద్దముక్కతో పరీక్ష చేయండి. గాలి సరిగ్గా నింపి, చదునైన నేల మీద కారు నిలిపి, ముందు టైరు నేలను తాకే చోట టైరు మీదా నేల మీదా గీత పెట్టండి. వెనక టైరుకీ అంతే. స్టీరింగ్ తిన్నగా ఉంచి కారుని నెమ్మదిగా తోయండి. ఒక్కో టైరు మీది గీత ఐదోసారి నేలకి దిగిన చోట గుర్తు పెట్టి, టేపుతో కొలిచి, ఐదుతో భాగించండి. వచ్చేది చుట్టుకొలత. టైర్ల చుట్టుకొలతల మధ్య తేడాకి సుబారు తన కార్లకి చెప్పే హద్దు పావు అంగుళం, అంటే 6 మి.మీ. పైచిలుకు. మీ కారు మాన్యువల్‌లో వేరే హద్దు ఉంటే అదే పాటించండి. కంపెనీయే ముందు వెనక వేర్వేరు సైజులు ఇచ్చిన కారైతే ఆ నిష్పత్తిని చెడగొట్టకండి.

ఒక తిరకాసు ఉంది. చలిలో, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు మాత్రమే ముందు టైర్లు గెంతుతుంటే అది వెడల్పాటి టైరు రబ్బరు గట్టిపడటం వల్ల కావచ్చు, కంగారు అక్కర్లేదు. వేడిలోనూ, సగం తిప్పినా పట్టేస్తుంటే లోపలి సమస్యే. పాత చక్రాలు వేసి చూడండి. లక్షణం పోయిందంటే దోషి దొరికినట్టే. అప్పుడు ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక యాక్సిల్స్‌కి శక్తిని పంచే పెట్టె), డిఫరెన్షియల్ ఆయిల్ ఎలా ఉందో చూపించండి. నల్లబడి వాసన వస్తుంటే మార్చేయాల్సిందే.

ఏబీఎస్, ట్రాక్షన్ లైట్లు వెలగడం

చక్రాల వేగాల్లో తేడా కనిపిస్తే ఈ లైట్లు వెలగొచ్చు. ముందుగా నాలుగు టైర్లలో గాలి చూడండి, తర్వాత టైర్ ప్రెషర్ సిస్టమ్ రీసెట్ చేయండి. చాలా కార్లలో ఆ సిస్టమ్ చక్రం వేగాన్ని బట్టే గాలి తగ్గిందో లేదో చెబుతుంది. రీసెట్ చేసినా లైటు మళ్లీ వస్తే పైన చెప్పిన సుద్దముక్క కొలత తీయండి. కొలత బాగుంటే కొత్త టైరు లోపలి వైపు సెన్సర్ వైరుని రాసుకుంటోందేమో టార్చి వేసి చూడండి.

గుంతలో పడితే గర్ర్ మని రాసుకోవడం

ఇది ఆఫ్‌సెట్ లెక్క. రిమ్ వెడల్పు మధ్య గీత నుంచి, అది కారుకి బిగిసే ముఖం ఎన్ని మి.మీ. బయటికి ఉందో చెప్పే కొలత ఇది, దీన్నే ఈటీ అంటారు. 8 అంగుళాల రిమ్ స్థానంలో అదే ఈటీ 45తో 9.5 అంగుళాలది వేస్తే రిమ్ లోపలికి 19 మి.మీ., బయటికి 19 మి.మీ. జరుగుతుంది. ఈటీ 35 అయితే లోపలికి 9, బయటికి 29. రాసుకున్న గుర్తు ఎక్కడుందో ముందు వెతకండి. సస్పెన్షన్ వైపు మెరుస్తూ గీత కనిపిస్తే ఈటీ తగ్గాలి, ఫెండర్ అంచు రంగు పోతే పెరగాలి. రెండు వైపులా తగిలితే ఆ వెడల్పు మీ కారుకి పట్టదు. స్పేసర్లతో (చక్రాన్ని బయటికి జరిపే బిళ్లలతో) సర్దుకుందామని చూడకండి. ఫెండర్ అంచు మడవడం చివరి దారి.

ఒక స్పీడు దాటాక వణుకు

బ్యాలెన్సింగ్ చేయించినా పోకపోతే రిమ్ మధ్య రంధ్రం హబ్ (చక్రం బిగించే కారు భాగం) కంటే పెద్దగా ఉందేమో చూడండి. పాత బీఎండబ్ల్యూ హబ్‌లు చాలావరకు 72.6 మి.మీ., సుబారువి 56.1. తేడా ఉంటే సరైన సైజు హబ్ రింగ్ వేయాలి. నట్ కూర్చునే చోటు కూడా గమనించండి. గుండ్రటి సీటు ఉన్న రిమ్‌కి కోన్ నట్ బిగిస్తే అది ఎప్పటికీ సరిగా కూర్చోదు. ఇలాంటప్పుడు వణుకు చిన్న విషయం, చక్రం ఊడొచ్చే ప్రమాదం ఉంది.

మలుపులో ముందు భాగం బయటికి జారడం

వెనక పట్టు పెరిగితే ముందు భాగం మొండికేస్తుంది. ఇది లోపం కాదు, ఆ సైజుల గుణమే. ముందు టైర్లూ ఒక సైజు వెడల్పు చేయడం, అలైన్‌మెంట్‌లో ముందు కాంబర్ (చక్రం పైభాగం లోపలికి ఒరిగే కోణం) కాస్త పెంచడం పనిచేస్తాయి. నన్నడిగితే, లుక్ కోసం కాకపోతే చాలా కార్లకి నాలుగూ ఒకే సైజు వెడల్పు టైర్లే మేలు.

కొన్ని నెలలు బాగుండి, తర్వాత మూలుగు మొదలవడం

వేర్వేరు సైజులు కాబట్టి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చడం కుదరదు. ఒక జత ముందే అరిగిపోతుంది. ట్రెడ్ 2 మి.మీ. అరిగితే చుట్టుకొలత 12 మి.మీ. పైనే తగ్గుతుంది, అంటే మొదట చెప్పిన ఎత్తు తేడా మళ్లీ వచ్చినట్టే. అందుకే మూడు నాలుగు నెలలకోసారి ముందూ వెనకా ట్రెడ్ లోతు కొలుస్తుండాలి. ఒక జత గుండు అయిపోతే దాన్నొక్కటే మార్చి ఊరుకోకండి, రెండో జతలో ఎంత మిగిలిందో చూసి అవసరమైతే నాలుగూ మార్చండి. స్టెప్నీ కూడా ముందూ వెనకా రెండింట్లో దేనికీ సరిపోకపోవచ్చు. డిక్కీలో పంక్చర్ కిట్, గాలి పంపు పెట్టుకోండి. తప్పక స్టెప్నీ వేస్తే నెమ్మదిగా, పంక్చర్ షాపు దాకా మాత్రమే వెళ్లండి.