హాస్పిటల్ ట్రీట్‌మెంట్ ఇంట్లోనే ఇస్తామంటే మనం ఏం చూసుకోవాలి

"ఇంటికెళ్ళండి, ట్రీట్‌మెంట్ అక్కడే ఇస్తాం" అని డాక్టర్ అనగానే చాలామంది డిశ్చార్జ్ అనుకుంటారు. కాదండి, పేషెంట్ ఇంకా అడ్మిషన్‌లో ఉన్నట్టే లెక్క, మంచం మాత్రం మనింట్లో ఉంటుంది. న్యుమోనియా, హార్ట్ ఫెయిల్యూర్, సీవోపీడీ (ఊపిరితిత్తుల్లో గాలిదారులు సన్నబడే దీర్ఘకాలిక జబ్బు), సెల్యులైటిస్ (చర్మం లోపలి పొరల్లో వచ్చే ఇన్ఫెక్షన్), యూరిన్ ఇన్ఫెక్షన్ లాంటివాటికి ఇలా చేస్తుంటారు. ఐసీయూ కావాల్సినవాళ్ళకి చెయ్యరు.

ఒప్పుకునేముందే అడిగేయండి, మొహమాటం వద్దు. నర్సు రోజుకి ఎన్నిసార్లు వస్తారు, డాక్టర్ వీడియోలో అయినా రోజూ చూస్తారా, రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎత్తేదెవరు. అమెరికాలో 2020 నవంబర్‌లో మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఈ పద్ధతికి పర్మిషన్ ఇచ్చినప్పుడు రోజుకి కనీసం 2 సార్లు మనిషి వచ్చి చూడాలి, ఎమర్జెన్సీ అయితే 30 నిమిషాల్లో చేరుకోవాలి అని రూల్ పెట్టారు, మీరు ఎక్కడున్నా ఆ లెక్కతోనే అడగండి. "చూద్దాంలెండి" అన్నారంటే నేనైతే హాస్పిటల్లోనే ఉంచేస్తా.

మంచం బాత్రూంకి దగ్గర్లో వేయండి, దారిలో కాళ్ళు తుడుచుకునే పట్టాలు, వైర్లు తీసేసి రాత్రి చిన్న లైటు వెలగనివ్వండి. ఆక్సిజన్ పెడితే ఆ గదిలో సిగరెట్, అగ్గిపుల్ల, దీపం ఏదీ వద్దు. కాన్సంట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే మెషిన్) కరెంటు మీద నడుస్తుంది కాబట్టి కరెంటు పోతే వాడ్డానికి సిలిండర్ ఇచ్చారా లేదా అని మొదటి రోజే చూసుకోవాలి, సిలిండర్ వాల్వ్ ఎలా తిప్పాలో నర్సు ఎదురుగానే ఒకసారి మీ చేత్తో తిప్పి చూడండి. నర్సు తిప్పుతుంటే చూసి "ఆ తెలిసింది" అనుకుంటే అర్ధరాత్రి చేతులు ఆడవు.

ఇక ఆక్సిమీటర్, అంటే వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసేది, అందరూ కంగారుపడేది దీంతోనే. వేళ్ళు చల్లగా ఉన్నా, నెయిల్ పాలిష్ ఉన్నా తప్పు చూపిస్తుంది, వేలు వెచ్చచేసి ఒక నిమిషం ఆగి అంకె నిలబడ్డాక రాయండి. ఇంకోటి, అందరికీ ఒకటే అంకె కాదు, సీవోపీడీ వాళ్ళకి చాలాసార్లు 88 నుంచి 92 మధ్యే టార్గెట్ పెడతారు, 90 చూసి భయపడి మనమే ఆక్సిజన్ పెంచేస్తే వాళ్ళకి ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి మత్తులోకి జారిపోవచ్చు. అందుకే ఎంత తగ్గితే ఫోన్ చెయ్యాలో డాక్టర్ని అడిగి గోడ మీద పెద్దక్షరాలతో రాసి అంటించండి. హార్ట్ ఫెయిల్యూర్ అయితే పొద్దున్నే యూరిన్‌కి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూడాలి, ఒక్క రోజులోనే కిలో పెరిగితే అది కొవ్వు కాదు, నీరు, వెంటనే చెప్పండి.

సెలైన్ స్పీడు మనం ముట్టుకోకూడదు. క్యాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం) దగ్గర ఎర్రబడ్డా, వాచినా, నొప్పి అన్నా నర్సు వచ్చేదాకా ఆగొద్దు, ఫోన్ చేసెయ్యండి. ఫ్రిజ్‌లో పెట్టమన్న ఇంజెక్షన్లు లోపలి అరలో పెట్టండి, డోర్‌లో వద్దు, ఫ్రీజర్‌లో అసలొద్దు. పాత మందులన్నీ ఒక కవర్లో వేసి నర్సుకి చూపించి ఏవి ఆపాలో తేల్చుకోండి, బీపీ మాత్ర పాతదీ కొత్తదీ రెండూ వేసేసుకుని కళ్ళు తిరిగి పడిపోవడం మామూలుగా జరిగే పొరపాటే.

ఛాతీలో నొప్పి, మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఊపిరి అందకపోవడం, పిలిస్తే పలక్కపోవడం... వీటికి నర్సు లైన్ కోసం వెయిట్ చెయ్యకండి, నేరుగా అంబులెన్స్‌కే. నిన్నటిదాకా బాగా మాట్లాడిన పెద్దాయన ఈరోజు తికమకగా మాట్లాడితే "వయసు కదా" అని వదిలెయ్యకుండా వెంటనే టీమ్‌కి చెప్పండి.

చూసుకునేవాళ్ళు ఇద్దరుంటే రాత్రులు పంచుకోండి, ఒక్కరే ఉంటే ఆ సంగతి మొదట్లోనే టీమ్‌కి చెప్పాలి. అంతా అయ్యాక క్యాన్యులా తీశారా, వాడిన సూదుల డబ్బా పట్టుకెళ్ళారా, ఇకపై వేసుకునే మందుల లిస్టు కాగితం మీద ఇచ్చారా అని చూసుకుని, అప్పుడు సంతకం పెట్టండి.