ఎఫ్‌సీ దాటిపోయిందా? నా 47 రోజుల లెక్క చూడండి

కావలి నుంచి ఒంగోలుకు పెళ్లిచూపుల బాడుగ. సింగరాయకొండ దాటాక హైవే మీద రవాణా శాఖ వాళ్లు బండ్లు ఆపుతున్నారు. ఇన్సూరెన్సు, పొల్యూషను అన్నీ ఉన్నాయి కదా అని ధీమాగా అద్దం దించా. అక్కడున్న ఆఫీసరు నా బండి నంబరు కొట్టి, స్క్రీను నావైపు తిప్పాడు. ఎఫ్‌సీ, అంటే బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందని ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, గడువు అయిపోయి 40 రోజులు. వెనక సీట్లో పట్టుచీరలో ఉన్న పెద్దామె "ఏందబ్బయా, మంచి గడియ దాటిపోతాంటే!" అంటోంది. వాళ్లను వేరే బండి ఎక్కించి, ఆ బాడుగ కూడా నేనే ఇచ్చి పంపించా.

నేను పొరబడింది ఎక్కడంటే, రెండేళ్లకోసారి అనే లెక్కలోనే ఉండిపోయా. ఎల్లో బోర్డు బండికి, అంటే బాడుగకు తిప్పే బండికి, ఎనిమిదేళ్ల వయసు వచ్చేదాకే రెండేళ్ల ఎఫ్‌సీ. ఆ తర్వాత ఏటా చేయించాలి. నా డిజైర్‌కు ఎనిమిదేళ్లు నిండాయి, పోయినసారి ఏడాదికే ఇచ్చారు. ఆ కాగితం మడిచి డ్యాష్‌బోర్డు అరలో పడేశానే గానీ తేదీ చూడలా. మీరు ఈ పూటే ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి ఫిట్‌నెస్ తేదీ చూడండి.

చలానాతో పోతుందిలే అనుకునేవాళ్లు మా స్టాండులో చాలామందే. మోటారు వాహనాల చట్టం 56వ సెక్షన్ ప్రకారం ఎఫ్‌సీ లేని ట్రాన్స్‌పోర్టు బండికి రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో ఉన్నట్టు కాదు. అందుకే కేసు 192వ సెక్షన్ కిందికి పోతుంది. మొదటిసారి జరిమానా 2,000 నుంచి 5,000 దాకా. మళ్లీ దొరికితే 5,000 నుంచి 10,000, జైలు కూడా రాసుంది. దీనికి తోడు గడువు దాటిన ప్రతి రోజుకూ 50 రూపాయలు. బండి షెడ్డులో పడున్నా ఆ మీటరు ఆగదు. నేను ఎఫ్‌సీ పరీక్ష స్లాటుకు కట్టేసరికి 47 రోజులు, అంటే 2,350.

నన్ను అసలు భయపెట్టింది ఇన్సూరెన్సు. ఆ 40 రోజుల్లో తిరుపతికి, చెన్నైకి ఎన్ని ట్రిప్పులు వేశానో! గుద్దితే మన బండి రిపేరుకు కంపెనీ పైసా ఇవ్వనని మొండికేయొచ్చు. అవతలివాళ్లకు పరిహారం కట్టినా, అది ఓనరు దగ్గర రాబట్టుకోమని కోర్టులు తీర్పులిచ్చాయి. చెల్లే రిజిస్ట్రేషన్ లేని బండి దొంగతనం పోతే క్లెయిము ఇవ్వక్కర్లేదని 2021లో సుప్రీంకోర్టే చెప్పింది. అది టెంపరరీ రిజిస్ట్రేషన్ అయిపోయిన కారు కేసు. అయినా చదివాక నాకు నిద్ర పట్టలా.

దాటిపోయుంటే ముందు బాడుగలు ఆపండి. బాకీ చలానాలు, ట్యాక్సు కట్టేయండి. ఇన్సూరెన్సు, పొల్యూషను గడువులో ఉన్నాయో చూసుకుని అప్పుడు స్లాటు బుక్ చేయండి. నేను స్లాటు ముందు తీసుకుని పొల్యూషను కోసం పరిగెత్తా, అది రెండు రోజుల్లో అయిపోతోందని అప్పుడు తెలిసింది.

బండిని తీసుకెళ్లే ముందు రోజు ఒక పూట దానికే కేటాయించండి. హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, వైపర్లు, హారను, టైర్ల గ్రిప్పు, హ్యాండ్‌బ్రేకు. రేడియం టేపు చిరిగుంటే మార్చండి. మంటలార్పే సిలిండరు తేదీ కూడా చూడండి. అన్నిటికంటే ముఖ్యం ఛాసిస్ నంబరు. సముద్రపు గాలికి మా వైపు అది తుప్పు పట్టి కనపడకుండా పోద్ది. కిరసనాయిలు గుడ్డతో నానబెట్టి, మెత్తగా రుద్ది, దానిమీద కాగితం పెట్టి పెన్సిలుతో గీకితే అంకెలు తెల్లగా లేవాలి. నాకు చివరి రెండంకెలు లేవలా. ఇంకోసారి రుద్దాల్సొచ్చింది. గరుకు కాగితం మాత్రం పెట్టొద్దు. అంకె అరిగిందంటే బ్రేకు ఇన్‌స్పెక్టరుకు అనుమానం వస్తుంది, ఆ తర్వాత మీరెంత చెప్పినా వినడు.

సొంత కారు వాళ్లకు ఈ గోల 15 ఏళ్లకు మొదలవుతుంది. ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ కాగితం) గడువుకు 60 రోజుల ముందు నుంచే ఫారం 25తో అప్లై చేసుకోవచ్చు, బండి చూపించి పాసైతే ఐదేళ్లు ఇస్తారు. ఆలస్యమైతే కారుకు నెలకు 500 అదనం.

ఆ పెళ్లిచూపుల సంబంధం కుదిరిందంట. పెళ్లి బాడుగ మాత్రం ఆ రోజు వాళ్లను ఎక్కించుకున్న బండికే పోయింది.