ఉన్ని తివాచీకి జబ్బు చేస్తే: సమస్య - పరిష్కారం

ముందు మీది ఉన్నిదో కాదో తేల్చుకోండి. కుచ్చుల్లోంచి కాదు, పైనున్న బొచ్చులోంచి ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని అంటించండి. వెంట్రుకలు కాలిన వాసన వస్తే ఉన్ని, ఏలూరు తివాచీల్లాంటిది. కాగితంలా మండితే నూలు, వరంగల్ జంపఖానాల్లా. కరిగి ముద్దకడితే సింథటిక్, దానికి ఇంత శ్రమ అక్కర్లేదు.

సమస్య: అక్కడక్కడ బొచ్చు పోయి అడుగున నూలు కనబడుతోంది.
కారణం: చిమ్మట. ఎగిరేది తినదు, దాని లార్వాలు తింటాయి. చీకటి, దుమ్ము, కదలిక లేని చోటు వాటికి ఇష్టం. మా ఇంట్లో సోఫా కాలి కిందే అరచేతంత మేర తినేశాయి, పైకి ఏమీ తెలియలేదు.
పరిష్కారం: తిరగేసి చూడండి, సన్నటి తెల్లని గూళ్లు అక్కడే దొరుకుతాయి. రెండు వైపులా వ్యాక్యూమ్ చేసి, ఎండలో బోర్లా పరిచి దులపండి. చిన్నదైతే ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా కట్టి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో వారం పైన ఉంచండి. తీశాక సంచి వెంటనే విప్పొద్దు, చెమ్మ పడుతుంది. ఫ్యాను తిరిగే హాల్లో కలరా ఉండలు వేస్తే మనకి తలనొప్పి తప్ప వాటికేమీ కాదు.

సమస్య: కుచ్చులు ఊడుతున్నాయి.
కారణం: చేత్తో నేసిన తివాచీలో అవి అలంకారానికి కుట్టినవి కావు, పడుగు (నిలువు) పోగుల చివరలే. చీపురు, వ్యాక్యూమ్ బ్రష్ లాగేస్తాయి. చివరి పేక (అడ్డపోగు) జారితే బొచ్చు ముడులు వరసగా విడిపోతాయి.
పరిష్కారం: గట్టి నూలు దారంతో, రెండు మూడు పేకల లోపలికి సూది గుచ్చి, నాలుగేసి పడుగు పోగులు కలిపి బ్లాంకెట్ కుట్టు (దుప్పటి అంచుకి వేసే ఉచ్చు కుట్టు) వేయండి. గమ్ మాత్రం వద్దు, తర్వాత బాగుచేసేవాళ్లు తిట్టుకుంటారు.

సమస్య: టీ ఒలికింది, లేదా తివాచీలోని ఎరుపు రంగు కరిగి పక్కకి దిగింది.
పరిష్కారం: రుద్దకండి, పొడి గుడ్డతో అద్దండి. తడిపే ముందు తెల్ల గుడ్డ తడిపి మూల మీద నొక్కి చూడండి. రంగు అంటితే ఇంట్లో ఉతకొద్దు. ఉన్ని మన జుట్టులాంటి ప్రోటీనే. ఎంజైములున్న వాషింగ్ పౌడర్ దాన్ని కొరుకుతుంది, బ్లీచ్ కరిగిస్తుంది, వేణ్నీళ్లకి ముడుచుకుంటుంది.

కొత్త తివాచీ కొన్నాళ్లు నూగు రాలుస్తుంది, టెన్షన్ పడకండి.

సమస్య: వానాకాలం ముక్క వాసన, వంచితే చిటపటమని చప్పుడు.
కారణం: తడి కుండీ కిందో, గోడవారనో ఉండి అడుగు నూలు పుచ్చింది.
పరిష్కారం: ఇది ఇంట్లో అయ్యేది కాదు. మడవకుండా పాత పంచెలో చుట్టి తివాచీలు నేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.