పెరటి మడులకు మల్చింగ్: పని అప్పగించే ముందు

మార్చి దాటితే నల్లగొండ ఎండకు మడులు బీటలు వారతాయి. తేమ ఆరిపోకుండా నేలను వరిగడ్డి లాంటి వాటితో కప్పడమే మల్చింగ్. ఆ గడ్డి పరిచే మనిషిని పిలిచే ముందు ఇవి చూసుకోండి.

– మొక్క మొదలు చుట్టూ నాలుగు వేళ్ల ఖాళీ వదలమని ముందే చెప్పండి. కాండానికి ఆనించి కుప్ప పోస్తే మొదలు కుళ్లుతుంది. మన ఎర్ర చెల్క నేలల్లో చెదలు కూడా పడతాయి. చెట్టు పోయాక కూలి డబ్బు వెనక్కి వచ్చి ఏం లాభం?

– గడ్డిని విదిలించి చూడండి. గింజలు రాలితే మడి నిండా వరి మొలకలే.

– ధర ట్రాక్టరు లెక్కన కాదు, మందం లెక్కన మాట్లాడండి. రెండు మూడు అంగుళాలు చాలు.

– మిర్యాలగూడ మిల్లుల ఊక విడిగా వద్దు, గాలికి ఎగురుతుంది.

– డ్రిప్ పైపులు నడిపి చూశాకే కప్పించండి. ముందురోజు నేల తడపండి. లేకపోతే తర్వాత పోసిన నీళ్లు గడ్డే తాగేస్తుంది.