ట్రేడ్ వార్త వినగానే తిట్టకండి, ముందు చిట్టా రాయండి

2025 జులై మొదట్లో ఒకరోజు పొద్దున్నే మా చిన్నోడు టొరంటో నుంచి ఫోన్ చేసి, "నాన్నా, నిలువునా మునిగిపోయాం" అన్నాడు. నాకు గుండె ఆగినంత పనైంది. ఉద్యోగం పోయిందేమో అనుకున్నాను. తీరా చూస్తే మునిగింది వాడు కాదు, వాడి హాకీ జట్టు మేపుల్ లీఫ్స్. పేరున్న ఆటగాడు మిచ్ మార్నర్‌ని వేగాస్ జట్టు పట్టుకుపోయిందట, బదులుగా నికొలా రాయ్ ఒక్కడే వచ్చాడట. జట్లు ఇలా ఆటగాళ్లను మార్చుకోవడాన్నే ట్రేడ్ అంటారు. "ఇరవై టిక్కీల (బస్తాల) తేజ మిర్చి ఇచ్చి ఒక టిక్కీ తాలు కాయ తెచ్చుకున్నట్టుంది" అని వాడి బాధ.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో ఇరవై రెండేళ్లుగా పద్దులు రాస్తున్నాను. ఈ మంచు హాకీ చూడడం మొదలుపెట్టింది వాడితో మాట్లాడ్డానికి ఏదో ఒక కబురు ఉండాలని. చలికాలంలో అక్కడ రాత్రి ఏడింటి ఆట మనకు తెల్లవారుజామున ఐదున్నరకు వస్తుంది. బంతికి బదులు కొట్టే ఆ నల్లబిళ్ల ఎటు పోయిందో నాకు ఇప్పటికీ సరిగ్గా కనపడదు. జీతాల లెక్క మాత్రం మొదటివారమే పట్టుబడింది. మీ పిల్లలూ ఆ దేశంలో ఉండి ఇలా ఫోన్లు చేస్తుంటే, నేను చేసే పద్ధతి ఇది.

ఒక తెల్లకాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు. జట్టులోకి వచ్చినవాళ్లు జమలో, పోయినవాళ్లు ఖర్చులో. ప్రతి పేరు పక్కన మూడు అంకెలు రాయాలి: ఏడాదికి క్యాప్‌లో పడే మొత్తం, ఇంకా ఎన్నేళ్లు ఉంది, ఆ జీతంలో వేరే జట్టు ఎంత భరిస్తోంది. గోల్స్ సంఖ్య, అవార్డులు ఇప్పుడే రాయకండి. అవి రాస్తే కోపం వస్తుంది, కోపంలో కూడిక తప్పుతుంది.

క్యాప్ అంటే ఒక జట్టు మొత్తం జీతాలకు పెట్టిన గరిష్ఠ పరిమితి. 2004-05లో లాకౌట్ వల్ల సీజన్ మొత్తం కొట్టుకుపోయాక ఎన్‌హెచ్‌ఎల్‌లో, అంటే ఈ జట్లు ఆడే హాకీ లీగ్‌లో, దీన్ని తెచ్చారు. మొదటి ఏడాది 3 కోట్ల 90 లక్షల డాలర్లు, 2025-26కి 9 కోట్ల 55 లక్షలు. యజమాని ఎంత కోటీశ్వరుడైనా ఆ గీత దాటకూడదు. మన ఐపీఎల్ పర్సు గుర్తొస్తుంది కదా, కానీ ఒక తేడా ఉంది. 2025 నవంబరులో జడేజా రాజస్థాన్‌కి మారుతూ 18 కోట్ల రూపాయల నుంచి 14 కోట్లకు దిగాడు. ఎన్‌హెచ్‌ఎల్‌లో అలా కుదరదు. రాసుకున్న ఒప్పందం రాసుకున్నట్టే కొత్త జట్టు నెత్తిన కూర్చుంటుంది, వేరే జట్టు కొంత భరిస్తే తప్ప.

ఎక్కువమంది తప్పు చేసేది మొదటి అంకె దగ్గరే. ఒప్పందం మొత్తాన్ని ఏళ్లతో భాగిస్తే వచ్చేదే క్యాప్ పద్దు. మార్నర్ కొత్త ఒప్పందం 8 ఏళ్లకు 9 కోట్ల 60 లక్షల డాలర్లు, అంటే ఏటా 1 కోటి 20 లక్షలు. చేతికిచ్చే నగదు ఏడాదికో రకంగా ఉండొచ్చు. చాలామందికి జులై 1న బోనస్ రూపంలో పెద్ద ముద్ద పడుతుంది. అది పడిన మర్నాడు ఆటగాణ్ణి అమ్మితే, కొన్నవాడి జేబులోంచి ఆ ఏడాది పోయేది తక్కువ, క్యాప్‌లో మాత్రం పూర్తి మొత్తమే. గల్లాపెట్టె వేరు, ఆవర్జా (ఖాతా పుస్తకం) వేరు. మా కొట్లో కొత్తగా చేరిన కుర్రాళ్లకు ఇది చెప్పడానికి నాకు ఆర్నెల్లు పడుతుంది.

మూడో అంకెకి రాంటనెన్ అనే ఆటగాడి కథ చూడండి. 2025 జనవరిలో కొలరాడో జట్టు అతన్ని కరొలైనా జట్టుకి ఇచ్చింది. ఏటా పద్దు 92 లక్షల 50 వేల డాలర్లు. మధ్యలో చికాగో జట్టు దూరి అందులో సగం, 46 లక్షల 25 వేలు, తన నెత్తిన వేసుకుంది. సగానికి మించి భరించడానికి రూల్ ఒప్పుకోదు, ఒక జట్టు ఒకేసారి మూడు ఒప్పందాలకు మించి ఇలా మోయకూడదు. చికాగోకి ఏమొచ్చింది? ఒక మూడో రౌండ్ డ్రాఫ్ట్ వంతు, అంటే కొత్త కుర్రాళ్లను ఎంచుకునే వంతు. మా భాషలో దలాలీ.

ఇప్పుడు కరొలైనా కాగితం. జమలో రాంటనెన్ 46.25 లక్షలు, చికాగో నుంచి వచ్చిన టేలర్ హాల్ 60 లక్షలు, మొత్తం 106.25. ఖర్చులో కొలరాడోకి వెళ్లిన నెచాస్ 65, డ్రూరీ 17.25, మొత్తం 82.25. తేడా 24 లక్షలు. అంత పేరున్నవాడు వచ్చినా పెరిగిన బరువు అంతే. కొలరాడోకేమో 10 లక్షల 25 వేలు మిగిలింది. మార్చిలో కరొలైనా రాంటనెన్‌ని మళ్లీ డాలస్‌కి పంపింది. చికాగో సగం భారం అప్పుడూ చికాగోదే. కారు ఇద్దరు చేతులు మారినా ఈఎంఐలో సగం మొదటి మధ్యవర్తే కడుతూ ఉన్నట్టు. డాలస్ మాత్రం వెంటనే మరో 8 ఏళ్లకు, ఏటా 1 కోటి 20 లక్షలకు రాయించుకుంది. ఆ కొత్త పద్దులో ఎవరి వాటా లేదు. అందుకే రెండో అంకె అడిగేది: చవగ్గా వచ్చాడా అని కాదు, ఎప్పటిదాకా చవక అని.

ఇంకోటి, సీజన్లో క్యాప్ లెక్క రోజువారీ నడుస్తుంది. మార్చిలో వచ్చినవాడి పద్దు మిగిలిన రోజులకే పడుతుంది. గాయాల జాబితా లెక్క వేరే తలనొప్పి, కొత్తవాళ్లు దాని జోలికి పోకండి.

ఇక మా వాడి ఏడుపు సంగతి. వాడికి ఫోన్లోనే కాగితం తీయించాను. మార్నర్ పాత ఒప్పందం, ఏటా 1 కోటి 9 లక్షలది, జూన్ 30తో అయిపోయింది. ట్రేడ్ జరక్కపోయినా ఆ ఖాళీ వచ్చేదే, అతను నచ్చినచోటికి ఊరికే వెళ్లిపోయేవాడే. కాబట్టి మార్నర్‌ని ఇచ్చి రాయ్‌ని తెచ్చుకున్నారనడమూ తప్పే, ట్రేడ్ వల్ల కోటి మిగిలిందనడమూ తప్పే. లీఫ్స్ అమ్మింది ఆటగాణ్ణి కాదు, ఎనిమిదో ఏడాదిని. అప్పటి రూల్ ప్రకారం సొంత జట్టు 8 ఏళ్లకు రాయొచ్చు, బయటి జట్టు 7 ఏళ్లకే. లీఫ్స్ 8 ఏళ్లకు సంతకం చేయించి వేగాస్‌కి పంపింది. ఆ సంతకానికి దక్కింది రాయ్, ఏటా 30 లక్షలు, ఇంకా రెండేళ్లు. కోతకొచ్చిన కాయ వానలో తడిసేలోపు వచ్చిన రేటు అది.

"లెక్క సరే నాన్నా, గోల్స్ ఎవరు కొడతారు?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. అంతకుముందే ఆ ఏడాది ప్లేఆఫ్స్ తొలి రౌండ్ ఏడో ఆటలో రాంటనెన్ డాలస్ తరఫున ఆడుతూ తన పాత కొలరాడో మీద చివరి పీరియడ్లోనే మూడు గోల్స్ కొట్టి ఇంటికి పంపాడు. 10 లక్షల 25 వేలు మిగిలిందని నేను రాసిన కాగితం ఆ రోజు ఫ్రిజ్ మీద అయస్కాంతం కిందే ఉంది. మా ఆవిడ తీసి పోపులడబ్బా కింద వేసుకుంది.

మొన్న ఏదో చిన్న ట్రేడ్ జరిగితే మా వాడే కాగితం రాసి ఫోటో పంపాడు. కూడిక సరిపోయింది గానీ జమ, ఖర్చు తారుమారు చేశాడు. అక్కడ తెల్లారాక ఫోన్ చేసి చెప్పాలి.