పాయల మధ్య నాకౌట్ ఫుట్‌బాల్ కప్పు: నిర్వాహకులకు ఒక మార్గదర్శిని

గోదావరి పాయల మధ్య ఊళ్ళ జట్లతో నాకౌట్ కప్పు నడపదలచినవారు బంతి కొనకముందే లెక్క చూసుకోవాలి. ఓడిన జట్టు అక్కడితో నిష్క్రమించే పోటీ కనుక, ఎన్ని జట్లు పేరిస్తే అంతకు ఒకటి తక్కువ మ్యాచ్‌లు జరుగుతాయి. 22 జట్లయితే 21. చిక్కంతా జట్ల సంఖ్య 16కో 32కో సరిపోనప్పుడు వస్తుంది. 22 జట్లలో 12 జట్లకు మాత్రమే మొదటి రౌండు ఆడించి, మిగిలిన 10 జట్లకు బై (ఆడకుండానే తరువాతి రౌండుకు పోయే అవకాశం) ఇస్తే, ఆరుగురు విజేతలతో కలిపి సరిగ్గా 16 జట్లు మిగులుతాయి, ఆపైన ఫైనల్ దాకా ఎవరికీ బై ఇవ్వవలసిన పని ఉండదు. బైలన్నీ మొదటి రౌండులోనే తేల్చివేయకుండా రౌండు రౌండుకూ పంచుతూ పోతే, సెమీఫైనల్ నాటికి మూడు జట్లు మిగిలి, పంచాయితీ నిర్వాహకుల అరుగు మీదికి వస్తుంది.

ఆ 10 బైలు ఎవరికివ్వాలన్నదానికి ఇంగ్లండు ఎఫ్.ఏ. (ఫుట్‌బాల్ అసోసియేషన్) కప్పు మంచి దారి చూపింది. అక్కడ చిన్న క్లబ్బులు ముందుగా అర్హత రౌండ్లు ఆడతాయి. ప్రధాన పోటీ మొదటి రౌండులో 80 జట్లుంటాయి, అవి 40 అయి, 20 అయిన తరువాతనే పై రెండు స్థాయిల లీగుల్లోని 44 క్లబ్బులు మూడో రౌండులో దిగి మొత్తం 64 అవుతాయి. మనం కూడా కాకినాడ, భీమవరం, అమలాపురం వంటి పట్టణాల జట్లనూ కళాశాల జట్లనూ రెండో రౌండు నుంచి దింపి, మొదటి రౌండును ఊరి జట్లకు వదిలివేయవచ్చు. సిఫారసులతో ఇచ్చే బై కంటే ముందుగా కాగితం మీద రాసుకున్న ఈ పద్ధతి వెయ్యి రెట్లు నయం.

తరువాత చూడవలసింది ప్రయాణం. 1871-72లో జరిగిన మొట్టమొదటి ఎఫ్.ఏ. కప్పులో గ్లాస్గో నుంచి లండన్ వచ్చిన క్వీన్స్ పార్క్ జట్టు సెమీఫైనల్లో వాండరర్స్‌తో 0-0గా నిలిచింది. మ్యాచ్ మళ్ళీ ఆడడానికి అంత దూరం తిరిగి రావడానికి డబ్బు లేక తప్పుకోగా, వాండరర్స్ ఫైనల్‌కు వెళ్ళి కప్పు గెలిచింది. ఖర్చుతో జట్టు తప్పుకోవడం మనకూ తెలియనిది కాదు. సఖినేటిపల్లి వైపు జట్టు నరసాపురంలో ఆడి, చీకటి పడ్డాక రేవులో పంటు కోసం నిలబడవలసి వస్తే రెండోసారి రాదు. అందువల్ల మొదటి రౌండు జట్లను గౌతమికి తూర్పున ఉన్నవి, గౌతమి వశిష్ఠల మధ్య కోనసీమవి, వశిష్ఠకు పడమట ఉన్నవి అని మూడుగా విడదీసి, ఎవరి గట్టున వారికి డ్రా తీయాలి. ఒక్కో వర్గంలో జట్ల సంఖ్య సరిసంఖ్యగా ఉండేలా చూసుకోవడం మరవకూడదు. 16 జట్ల రౌండు నుంచి మాత్రం అందరి చీటీలూ ఒకే బిందెలో వేయవలసిందే. ఏ జట్టు ఎవరికి తగులుతుందో తెలియకపోవడమే కప్పు పోటీకి రుచి.

డ్రా నలుగురి ఎదుట, అన్ని జట్ల ప్రతినిధుల సమక్షంలో తీయాలి. చీటీలు ఒకే కాగితంతో, ఒకే మడతతో ఉండాలి. ముందు వచ్చిన చీటీ జట్టు తన ఊళ్ళో ఆడుతుంది, రెండోది అక్కడికి వెళుతుంది. ఆ క్షణమే రిజిస్టరులో రాసి ఇద్దరి చేతా సంతకం పెట్టించాలి.

కాలం విషయానికి వస్తే, దాళ్వా కోతలయ్యాక, సార్వాకు కాలువ నీరు వదిలేలోగా వచ్చే ఐదు ఆదివారాలు ఐదు రౌండ్లకు సరిపోతాయి. రోహిణి కార్తె ఎండల్లో మధ్యాహ్నం ఆడించడం ప్రాణాలతో చెలగాటం; సాయంత్రం నాలుగున్నరకు మొదలుపెట్టి, సగానికి 35 నిమిషాల చొప్పున ఆడించి, మధ్యలో నీళ్ళ విరామం ఇవ్వాలి.

కోసిన చేలో ఆడించాలన్న సరదా వద్దు: మోళ్ళు పాదాలను చీరుస్తాయి, నల్లరేగడి నెర్రెల్లో చీలమండ మెలిక పడుతుంది. ఉన్నత పాఠశాల మైదానమే మేలు. నిబంధనల ప్రకారం మైదానం పొడవు కనీసం 90 మీటర్లు, వెడల్పు కనీసం 45 మీటర్లు ఉండాలి. మూలలు కంటితో అంచనా వేస్తే గీతలు వంకర పోతాయి. మూలలో మేకు పాతి, ఒక గీత మీద 9 మీటర్లు, రెండో గీత మీద 12 మీటర్లు కొలిచి, ఆ రెండు కొసల మధ్య తాడు సరిగ్గా 15 మీటర్లు వచ్చేదాకా సర్దితే మూలమట్టం కుదురుతుంది. అప్పుడే సున్నం పోయాలి. గోలు లోపలి కొలత 7.32 మీటర్లు, అడ్డకర్ర అడుగు నేలకు 2.44 మీటర్ల ఎత్తు. సరుగుడు కర్రలు వాడేటప్పుడు అడ్డకర్ర నడుమ వంగనిది ఏరుకోవాలి. పెనాల్టీ చుక్క గోలు గీతకు 11 మీటర్ల దూరంలో ఉంటుంది.

ఆటగాళ్ళ జాబితా ముందే తీసుకుని, ఒక జట్టుకు ఆడినవాడు అదే కప్పులో మరో జట్టుకు ఆడకూడదని షరతు పెట్టాలి. కిరాయి ఆటగాళ్ళ బెడద చాలావరకు దీనితోనే తగ్గుతుంది. మైదానంలో ఏ జట్టుకైనా ఏడుగురి కంటే తక్కువైతే ఆట సాగదు.

స్కోరు సమమైతే మరోరోజు ఆడించే ఆలోచన మానుకోవాలి; ఎఫ్.ఏ. కప్పే 2024-25 నుంచి ప్రధాన పోటీ రౌండ్లలో రీప్లేలను ఎత్తివేసింది. వెలుతురు ఉంటేనే అదనపు సమయం, లేకుంటే నేరుగా పెనాల్టీలు అన్న ఊగిసలాట పనికిరాదు, ఏదో ఒకటి డ్రా రోజే ప్రకటించాలి. నా మాటైతే ఫైనల్ తప్ప మిగిలినవన్నీ నేరుగా పెనాల్టీలకు వెళ్ళాలి. చెరో ఐదు కిక్కులు, అప్పటికీ తేలకపోతే ఒక్కొక్కటి చొప్పున. ఆట ముగిసేసరికి మైదానంలో ఉన్నవారే తన్నాలి.

ఈదురుగాలీ వానా వచ్చి ఆట మధ్యలో ఆగిపోతే, పోటీ నియమాల్లో వేరేగా రాసుకోనంతవరకు మ్యాచ్‌ను మొదటినుంచి ఆడించాలన్నది ఆట చట్టం. వేరేగా కావాలనుకుంటే, ఎన్ని నిమిషాలు ఆడితే ఆ స్కోరు చెల్లుతుందో ప్రవేశ రుసుము తీసుకునే రోజునే రసీదు వెనుక అచ్చు వేయించాలి.